నీటిపై తేలేదేది, మునిగేదేది? సాంద్రత లెక్క నుంచి పడవ ప్రమాదాల దాకా

2019 సెప్టెంబర్ 15న పాపికొండల విహారయాత్రకు బయల్దేరిన రాయల్ వశిష్ట బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిపోయింది. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఎన్నో ప్రయత్నాల తర్వాత, 38వ రోజున, అంటే అక్టోబర్ 22న ఆ బోటును నది అడుగు నుంచి బయటకు లాగింది.

అదే బోటు అదే నదిలో అంతకుముందు ఎన్నోసార్లు తిరిగింది. దానిలోని ఇనుము మారలేదు, నీరు మారలేదు. పొద్దున తేలిన వస్తువు మధ్యాహ్నానికి ఎందుకు మునుగుతుంది? అసలు టన్నుల కొద్దీ ఇనుము నీటి మీద ఎలా నిలుస్తుంది? గుప్పెడంత గులకరాయి ఎందుకు నిలవదు?

హైస్కూల్ పాఠంలో దీనికి జవాబు ఉంది. కానీ చాలామందికి ఆ పాఠంలో సగమే గుర్తుంటుంది. మిగతా సగంలోనే ప్రాణాలకు సంబంధించిన విషయం ఉంది.

బరువు కాదు, సాంద్రత

బరువైనవి మునుగుతాయి, తేలికైనవి తేలుతాయి అన్నది సాధారణంగా వినిపించే మాట. ఇది తప్పు. వంద కిలోల టేకు దుంగ తేలుతుంది, పది గ్రాముల ఇనుప మేకు మునుగుతుంది. చూడాల్సింది మొత్తం బరువును కాదు, ఆ బరువు ఎంత చోటులో సర్దుకుని ఉందన్నది. దీన్నే సాంద్రత అంటారు. ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగిస్తే సాంద్రత వస్తుంది.

ఒక లీటరు మంచినీటి ద్రవ్యరాశి దాదాపు ఒక కిలో. అదే పరిమాణంలో ఇనుము 7.8 కిలోలకు పైగా, బంగారం 19.3 కిలోలు, పాదరసం 13.6 కిలోలు ఉంటాయి. టేకు సుమారు 650 గ్రాములు, మంచుగడ్డ 917 గ్రాములు తూగుతాయి. లోపల ఖాళీలు లేని గట్టి వస్తువు విషయంలో నియమం సులభం. దాని సాంద్రత నీటి సాంద్రత కంటే తక్కువైతే తేలుతుంది, ఎక్కువైతే మునుగుతుంది. కలప అంతా తేలుతుందనుకోవడం కూడా సరికాదు. శేషాచలం అడవుల్లో పెరిగే ఎర్రచందనం చేవ నీటి కంటే సాంద్రమైనది కాబట్టి సాధారణంగా మునుగుతుంది.

నీటి మీద జాగ్రత్తగా పెట్టిన సూది తేలడం ఈ నియమానికి మినహాయింపులా కనిపిస్తుంది. అక్కడ సూదిని ప్రధానంగా నిలబెట్టేది నీటి ఉపరితలంపై ఉండే తలతన్యత. చుక్క సబ్బునీరు పడితే తలతన్యత తగ్గి సూది మునిగిపోతుంది. పడవలకు, మనుషులకు ఆ బలం ఏ మూలకూ సరిపోదు.

పైకి నెట్టే బలం ఎక్కడిది?

బావిలో చేదతో నీళ్లు తోడినవారికి ఈ బలం అనుభవమే. నిండిన బొక్కెన నీటిలో ఉన్నంతసేపు తాడు సులువుగా కదులుతుంది. బొక్కెన నీటి మట్టం దాటి పైకి రాగానే చేతుల మీద బరువు పడుతుంది. బొక్కెన బరువు మారలేదు. అప్పటిదాకా దాన్ని కింది నుంచి మోసిన నీరు ఇప్పుడు మోయడం లేదు, అంతే.

ఈ బలానికి కారణం పీడనం. నీటిలో లోతుకు వెళ్లేకొద్దీ పీడనం పెరుగుతుంది. ప్రతి వైపూ 10 సెంటీమీటర్లు ఉండే ఒక దిమ్మెను, దాని పైముఖం 20 సెంటీమీటర్ల లోతులో, కింది ముఖం 30 సెంటీమీటర్ల లోతులో ఉండేలా నీటిలో పట్టుకున్నారనుకుందాం. పైముఖం మీద నిలిచిన నీటి బరువు 2 కిలోలు. కింది ముఖాన్ని పైకి నెట్టే బలం 30 సెంటీమీటర్ల నీటి బరువుకు, అంటే 3 కిలోలకు సమానం. పక్కల మీద పడే బలాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. చివరికి మిగిలేది ఒక కిలో బరువుకు సమానమైన పైకి నెట్టే బలం. ఆ దిమ్మె ఘనపరిమాణం సరిగ్గా ఒక లీటరు. ఒక లీటరు నీటి బరువు కూడా ఒక కిలోయే.

అంటే వస్తువు ఎంత నీటిని పక్కకు నెడుతుందో ఆ నీటి బరువుకు సమానమైన బలం దాన్ని పైకి నెడుతుంది. పుస్తకాల్లో దీని పేరు ఉత్ప్లవన బలం. దిమ్మె దేనితో చేసినదన్నది నీటికి పట్టదు. ఇనుప దిమ్మెనూ, టేకు దిమ్మెనూ పూర్తిగా ముంచితే రెండింటినీ నీరు ఒకే బలంతో నెడుతుంది. ఇనుప దిమ్మె 7.85 కిలోలు ఉంటుంది కాబట్టి కిలో బలం దాన్ని ఆపలేదు, అది మునుగుతుంది. టేకు దిమ్మె 650 గ్రాములే కాబట్టి పైకి లేస్తుంది. లేచి, 650 గ్రాముల నీటిని పక్కకు నెట్టేంత భాగం మాత్రమే లోపల ఉండే దగ్గర ఆగుతుంది. తేలే వస్తువు ఎప్పుడూ తన బరువుకు సమానమైన నీటినే తొలగిస్తుంది.

మునిగిన బోటును లాగడం ఎందుకంత కష్టమో ఇదే లెక్క చెబుతుంది. టన్ను ఉక్కు నీటిలో మునిగితే దానికి దక్కే సాయం 130 కిలోలకు మించదు. మిగతా 870 కిలోలు లాగేవారి మీదే పడతాయి. పైగా బోటు నీటి మట్టానికి చేరగానే, అప్పటిదాకా బరువు తెలియని లోపలి నీరు, బురద కూడా తూకానికి వస్తాయి.

కిరీటం కథలో చిక్కు

ఈ సూత్రాన్ని క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో సిసిలీ ద్వీపంలోని సిరక్యూజ్ నగరవాసి ఆర్కిమెడిస్ తన తేలే వస్తువుల గ్రంథంలో నిరూపించాడు. రాజు హీరో కిరీటంలో వెండి కలిసిందో లేదో తేల్చడం, స్నానపు తొట్టి నుంచి పరుగెత్తడం అనే కథ మాత్రం ఆ గ్రంథంలో లేదు. రెండు శతాబ్దాల తర్వాతి రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ దాన్ని రాశాడు.

కథలో చెప్పినట్టు పొంగిన నీటిని కొలవడం ఆచరణలో కష్టం. కిలో స్వచ్ఛమైన బంగారం సుమారు 52 ఘన సెంటీమీటర్లు ఆక్రమిస్తుంది. 300 గ్రాముల వెండి కలిపిన కిలో కిరీటం సుమారు 65 ఆక్రమిస్తుంది. తేడా 13 మాత్రమే. 20 సెంటీమీటర్ల వ్యాసమున్న పాత్రలో ఈ తేడాకు నీటి మట్టం అర మిల్లీమీటరు కూడా పెరగదు. కానీ త్రాసుకు ఒక వైపు కిరీటాన్ని, మరో వైపు కిలో బంగారాన్ని వేలాడదీసి రెండింటినీ నీటిలో ముంచితే, కిరీటం వైపు 13 గ్రాములు తేలికవుతుంది. త్రాసు వెంటనే ఒరుగుతుంది. గెలీలియో 1586లో రాసిన చిన్న వ్యాసంలో ఈ పద్ధతినే సూచించాడు. ఆర్కిమెడిస్ అంతటివాడు నీరు పొర్లించి కాక ఇలాగే తూచి ఉంటాడని ఆయన అభిప్రాయం.

ఇనుప ఓడ తేలడంలో రహస్యం గాలిది

కొచ్చిలో నిర్మించి 2022 సెప్టెంబర్ 2న నౌకాదళంలో చేర్చిన ఐఎన్ఎస్ విక్రాంత్ పొడవు 262 మీటర్లు. పూర్తి భారంతో సుమారు 45 వేల టన్నులు. అది ఉక్కు ముద్ద అయితే క్షణాల్లో అడుగుకు చేరేది. ఓడ ఒక డొల్ల. దాని సాంద్రతను లెక్కించేటప్పుడు ఉక్కుతో పాటు లోపలి గదులను, వాటిలోని గాలిని కూడా కలిపి చూడాలి. ఆ సగటు సాంద్రత నీటి కంటే బాగా తక్కువ. ఓడ కింది భాగం 45 వేల టన్నుల సముద్రపు నీటిని పక్కకు నెట్టేంత లోతుకు దిగి అక్కడ నిలుస్తుంది.

కృష్ణా, తుంగభద్ర తీరాల్లో వాడే పుట్టి కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. అల్లిన వెదురు బుట్టకు నీరు చొరకుండా పూత వేస్తే అది లోపలి గాలితో కలిసి పెద్ద తేలిక వస్తువుగా మారుతుంది. పూతకు చిల్లు పడితే గాలి స్థానంలోకి నీరు వస్తుంది, సగటు సాంద్రత పెరుగుతుంది. సముద్రపు మత్స్యకారుల పాతకాలపు తెప్ప తీరు వేరు. తేలిక కలప దుంగలను కట్టి చేసిన తెప్పలో డొల్ల లేదు. అల మీద నుంచి పొర్లిపోయినా అది మునగదు, ఎందుకంటే దానిలోని కలపే నీటి కంటే తేలిక. ఇప్పుడు వాడుతున్న ఫైబర్ పడవలకు ఆ సుగుణం సహజంగా లేదు. ఫైబర్‌గ్లాస్ నీటి కంటే బరువైనది. అందుకే నీరు నిండినా పడవ తేలేలా మూసిన అరల్లో నురుగు పదార్థం నింపే పద్ధతి వచ్చింది.

రామప్ప ఇటుకలు, తేలే రాళ్లు

ములుగు జిల్లా పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప దేవాలయాన్ని 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. దాని విమానాన్ని నీటిపై తేలే ఇటుకలతో కట్టారన్నది నిజం. అందులో మాయ లేదు, గొప్ప నేర్పు ఉంది. కాల్చిన మట్టిలోని గట్టి పదార్థం సాంద్రత నీటికి సుమారు 2.6 రెట్లు. ఇటుక ఘనపరిమాణంలో 62 శాతానికి మించి గాలి ఖాళీలు ఉంటే మొత్తం ఇటుక సాంద్రత నీటి కంటే తగ్గిపోతుంది. కట్టినవారి అసలు ఉద్దేశం ఇటుకలను నీటిలో తేల్చడం కాదు, గోడల మీద, పునాది మీద పైకప్పు భారాన్ని తగ్గించడం. తేలడం ఆ తేలికదనానికి కనిపించే రుజువు మాత్రమే.

అక్కడక్కడ తొట్లలో ప్రదర్శించే తేలే రాళ్లకూ ఇదే వివరణ. అగ్నిపర్వతం నుంచి వెలువడిన లావా లోపలి వాయువులతో నురగలా గట్టిపడితే ప్యూమిస్ అనే రాయి ఏర్పడుతుంది. 1883లో ఇండోనేషియాలోని క్రకటోవా పేలినప్పుడు వెలువడిన ప్యూమిస్ హిందూ మహాసముద్రం మీద తేలుతూ ఆఫ్రికా తీరం దాకా వెళ్లింది. ఆ రాళ్లు ఎల్లకాలం తేలవు. సూక్ష్మరంధ్రాల్లోకి నీరు చేరేకొద్దీ మునుగుతాయి.

వస్తువు అదే, నీరు మారితే?

తేలడం రెండు సాంద్రతల మధ్య పోటీ. వస్తువును మార్చకుండా నీటిని మార్చినా ఫలితం మారుతుంది. విత్తనశుద్ధిలో రైతులకు ఇది తెలిసిన పనే. మంచినీటిలో పచ్చి గుడ్డు మునుగుతుంది. గుడ్డు పైకి తేలేదాకా ఉప్పు కలుపుతూ పోతే నీటి సాంద్రత పెరుగుతుంది. ఆ ద్రావణంలో వరి విత్తనాలు పోస్తే తాలు గింజలు పైకి వస్తాయి, నిండు గింజలు అడుగున నిలుస్తాయి. అడుగు గింజలను మంచినీటితో కడిగి నారుకు వాడతారు. ఇక్కడ గుడ్డు తాజాగా ఉండాలి. గుడ్డు పాతబడేకొద్దీ లోపలి తేమ పెంకు గుండా పోయి గాలి అర పెద్దదవుతుంది. బాగా పాతగుడ్డు మంచినీటిలోనే తేలుతుంది.

పాల కేంద్రాల్లో వాడే లాక్టోమీటర్ కూడా తేలే పరికరమే. ఆవు పాల సాపేక్ష సాంద్రత సాధారణంగా 1.028 నుంచి 1.032 మధ్య ఉంటుంది. నీళ్లు కలిస్తే సాంద్రత తగ్గి లాక్టోమీటర్ ఇంకా లోతుకు దిగుతుంది. దీనికో పరిమితి ఉంది. వెన్న నీటి కంటే తేలిక. మీగడ తీసేస్తే పాల సాంద్రత పెరుగుతుంది. మీగడ తీసి, తగినన్ని నీళ్లు కలిపితే లాక్టోమీటర్ మామూలు అంకెనే చూపిస్తుంది. అందుకే వెన్న శాతాన్ని కూడా విడిగా పరీక్షిస్తారు.

సముద్రపు నీటి సాంద్రత మంచినీటి కంటే సుమారు 2.5 శాతం ఎక్కువ. విశాఖపట్నంలో సరుకు నింపుకుని 8 మీటర్ల లోతున తేలుతున్న ఓడ, హుగ్లీ నదిలోని కోల్‌కతా రేవు మంచినీటిలోకి వస్తే ఇంకో 20 సెంటీమీటర్ల దాకా దిగుతుంది. ఒక్క బస్తా కూడా అదనంగా ఎక్కకపోయినా ఇది జరుగుతుంది. ఓడల పక్కన వేర్వేరు నీళ్లకు, వేర్వేరు రుతువులకు వేర్వేరు భార రేఖలు గీసి ఉండటానికి కారణం ఇదే. పందొమ్మిదో శతాబ్దంలో అతిగా సరుకు నింపిన ఓడలు మునిగి నావికులు చనిపోతుంటే, బ్రిటన్ పార్లమెంటు సభ్యుడు శామ్యూల్ ప్లిమ్సాల్ ఏళ్ల తరబడి పోరాడాడు. ఫలితంగా 1876 చట్టం ఓడల మీద భార రేఖను తప్పనిసరి చేసింది. ఆ గీతకు ఇప్పటికీ ఆయన పేరే ఉంది.

కావాలని మునిగి, కావాలని తేలేవి

విశాఖ రామకృష్ణా బీచ్‌లో మ్యూజియంగా ఉన్న ఐఎన్ఎస్ కుర్సుర జలాంతర్గామి 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పనిచేసింది. నీటి పైన అది సుమారు 1,950 టన్నుల నీటిని తొలగించేది. మునిగినప్పుడు సుమారు 2,475 టన్నులు. దాదాపు 500 టన్నుల ఈ తేడా దాని బలాస్ట్ ట్యాంకులది. ట్యాంకుల్లోకి సముద్రపు నీటిని వదిలితే సగటు సాంద్రత చుట్టూ ఉన్న నీటితో సమానమై జలాంతర్గామి మునుగుతుంది. ఒత్తిడితో నింపి ఉంచిన గాలిని ట్యాంకుల్లోకి వదిలి నీటిని బయటకు తోసేస్తే పైకి లేస్తుంది.

రోహు, బొచ్చె లాంటి చేపలు ఇదే పనిని గాలి తిత్తితో చేస్తాయి. తిత్తిలోని వాయువును పెంచుతూ, తగ్గిస్తూ ఈత కొట్టకుండానే ఒక లోతులో నిలుస్తాయి. సొరచేపకు ఆ తిత్తి లేదు. నూనె నిండిన పెద్ద కాలేయం దాన్ని కొంత తేలిక చేస్తుంది, మిగతాది అది ఈదుతూ సాధించుకోవాల్సిందే.

చాలా పదార్థాలు గడ్డకడితే సాంద్రమవుతాయి. నీరు అందుకు విరుద్ధం. 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీటి సాంద్రత గరిష్ఠంగా ఉంటుంది, గడ్డకడితే తగ్గుతుంది. అందుకే శ్రీనగర్ దాల్ సరస్సు చలికి గడ్డకట్టినప్పుడు మంచు పైపొరగా నిలుస్తుంది, కింద చేపలు బతికే ఉంటాయి. సముద్రంలో మంచుకొండ దాదాపు పదింట తొమ్మిది వంతులు నీటి లోపలే ఉండటానికీ కారణం 917, 1,025 అనే రెండు సాంద్రతల నిష్పత్తే. ఇప్పటికే తేలుతున్న మంచు కరిగితే సముద్రమట్టం దాదాపు మారదు, ఎందుకంటే అది తన బరువుకు సరిపడా నీటిని ముందే తొలగించింది. నేల మీది హిమానీనదాలు కరిగితే మాత్రం కొత్త నీరు చేరుతుంది. మాల్దీవులు, బంగ్లాదేశ్ తీరప్రాంతాలకు అసలు భయం ఆ నీటి నుంచే.

తేలడం వేరు, నిలదొక్కుకోవడం వేరు

పాఠంలో మరిచిపోయే రెండో సగం ఇక్కడ మొదలవుతుంది. పడవ సగటు సాంద్రత నీటి కంటే తక్కువగా ఉన్నంత మాత్రాన అది సురక్షితం కాదు. చాలా ప్రమాదాల్లో పడవ బరువుకు మునగదు, ముందు ఒరిగి, తర్వాత నీరు చేరి మునుగుతుంది.

పడవ మొత్తం బరువు ఒక బిందువు గుండా కిందికి లాగుతున్నట్టు లెక్కించవచ్చు. అది గురుత్వ కేంద్రం. నీటి లోపల ఉన్న భాగం మధ్యబిందువు గుండా ఉత్ప్లవన బలం పైకి నెడుతుంది. అది ఉత్ప్లవన కేంద్రం. పడవ కొంచెం ఒరిగితే ఒరిగిన వైపు ఎక్కువ భాగం నీటిలోకి దిగుతుంది. ఉత్ప్లవన కేంద్రం ఆ వైపు జరిగి, పడవను తిరిగి నిలబెట్టేలా నెడుతుంది. గురుత్వ కేంద్రం కింద ఉంటే ఈ సర్దుబాటు బలంగా పనిచేస్తుంది. పైఅంతస్తులో జనం పెరిగేకొద్దీ గురుత్వ కేంద్రం పైకి పోతుంది, సర్దుబాటు బలహీనపడుతుంది. ఒక హద్దు దాటితే నిలబెట్టాల్సిన బలమే తిరగేసే బలంగా మారుతుంది. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య వశిష్ఠ గోదావరి దాటించే పంటు వెడల్పుగా, చదునుగా ఉండటం వెనుక ఉన్న మేలు ఇదే.

2009 సెప్టెంబర్ 30న కేరళలోని తేక్కడి సరస్సులో జంతువులను చూడటానికి ప్రయాణికులు ఒకవైపు చేరడంతో రెండంతస్తుల విహార బోటు తిరగబడి 45 మంది చనిపోయారు. 2023 మే 7న అదే రాష్ట్రంలోని తానూర్‌లో, చేపల పడవను మార్చి చేసిన విహార బోటు పరిమితికి మించిన జనంతో మునిగి 22 మంది ప్రాణాలు కోల్పోయారు. 2014 ఆగస్టు 4న బంగ్లాదేశ్‌లో పద్మా నది దాటుతున్న పినాక్-6 లాంచీ కూడా కిక్కిరిసిన జనంతోనే మునిగింది.

పడవ అడుగున చేరిన నీరు మరో ప్రమాదం. అది బరువు మాత్రమే కాదు, కదిలే బరువు. పడవ ఎటు ఒరిగితే నీరంతా అటే పరుగెత్తి ఒరుగును పెంచుతుంది. సరుకైతే కట్టి ఉంచవచ్చు, నీటిని కట్టలేం. కిందిభాగాన్ని అడ్డుగోడలతో అరలుగా విడదీసేది ఇందుకే.

ఒక పడవ లెక్క

అతిభారం కంటికి ఎందుకు కనిపించదో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. 10 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 80 సెంటీమీటర్ల ఎత్తు అంచులున్న పెట్టె ఆకారపు పడవ ఉందనుకుందాం. దాని సొంత బరువు 6 టన్నులు. ఖాళీగా ఉన్నప్పుడు అది 20 సెంటీమీటర్లు నీటిలో ఉంటుంది, అంచు 60 సెంటీమీటర్లు పైన ఉంటుంది. తర్వాత ప్రతి 300 కిలోలకు, అంటే 60 కిలోల మనుషులు ఐదుగురికి, ఒక్క సెంటీమీటరు చొప్పున దిగుతుంది.

40 మంది ఎక్కితే అంచు 52 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. 100 మంది ఎక్కితే 40 సెంటీమీటర్లు. 60 మంది అదనంగా ఎక్కినా పడవ దిగింది 12 సెంటీమీటర్లే, జానెడు కంటే తక్కువ. ఒడ్డున నిలబడి చూసేవారికి పెద్ద తేడా కనబడదు. మొత్తం 18 టన్నులు, అంటే 300 మంది ఎక్కేదాకా పడవ తేలుతూనే ఉండాలని లెక్క చెబుతుంది. అంతమంది నిలబడే చోటే అందులో ఉండదు. ఇంకా పది మందిని ఎక్కించుకుందామన్న ధైర్యం ఇక్కడి నుంచే వస్తుంది.

ఒరిగే కోణం దగ్గర అసలు తేడా తెలుస్తుంది. 40 మందితో ఉన్న పడవ అంచు నీటిని తాకాలంటే సుమారు 19 డిగ్రీలు ఒరగాలి. 100 మందితో 15 డిగ్రీలు చాలు. 150 మందితో 11 డిగ్రీలకే నీరు లోపలికి వస్తుంది. అదే సమయంలో పైన చేరిన జనం వల్ల పడవ ఒరగడం సులువవుతుంది. పక్క నుంచి వచ్చే ఒక పెద్ద అల, వరదలో ఒక సుడి, ఫొటో కోసం ఒకేసారి ఒకవైపు వచ్చిన ఇరవై మంది, ఏదైనా ఆ చివరి డిగ్రీలను పూర్తి చేయగలదు. పడవ మీద రాసిన ప్రయాణికుల సంఖ్య అది ఎంత మోయగలదన్న లెక్క కాదు, ఒరిగినా తిరిగి లేవగలిగే హద్దు. దేశంలో 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 అంతర్గత నౌకల చట్టం నది పడవలకు రిజిస్ట్రేషన్, సర్వేలను నిర్దేశిస్తోంది. ఆ సర్వేలో తేల్చాల్సినవాటిలో ఈ హద్దు ముఖ్యమైనది.

మనిషి శరీరం, లైఫ్ జాకెట్

మనిషి సాంద్రత నీటికి చాలా దగ్గరగా ఉంటుంది. 60 కిలోల మనిషి నిండా గాలి పీలిస్తే శరీర ఘనపరిమాణం సుమారు 61 లీటర్లు, అంటే తేలుతాడు. గాలంతా వదిలేస్తే 58 లీటర్ల దగ్గరికి వస్తుంది, అంటే మునుగుతాడు. మునగడానికీ తేలడానికీ మధ్య ఉన్నది కొద్ది లీటర్ల ఊపిరి.

నిండు ఊపిరితో కూడా నీటి పైన ఉండగలిగేది లీటరు పరిమాణమంత శరీరమే. తల ఒక్కటే నాలుగైదు లీటర్లు ఉంటుంది. తలంతా బయట ఉంచాలని నిటారుగా పెనుగులాడితే, సాయం కోసం చేతులు పైకెత్తితే, బయటకు వచ్చిన ప్రతి భాగం బరువూ మిగతా శరీరాన్ని కిందికి తోస్తుంది. నోరు, ముక్కు నీటిలోకి పోతాయి. వెల్లకిలా పడుకుని, చెవులు నీటిలో ఉంచి, చేతులు నీటి లోపలే చాపి, ముఖం మాత్రం పైకి ఉంచితే ఉన్న కొద్ది ఉత్ప్లవనం ఊపిరికి సరిపోతుంది. ఈత రానివారికి కూడా ముందు తేలడం నేర్పాలని శిక్షకులు చెప్పేది ఇందుకే.

ఈ నాలుగైదు కిలోల లోటును తీర్చడమే లైఫ్ జాకెట్ పని. అంతర్జాతీయ ప్రమాణాల్లో వీటిని 50, 100, 150, 275 న్యూటన్లుగా వర్గీకరిస్తారు. 50 న్యూటన్లు అంటే సుమారు 5 కిలోల సాయం. ఇది ఈత వచ్చినవారికి, ఒడ్డు దగ్గర వాడకానికి ఉద్దేశించినది. 100, అంతకు పైబడినవి ఈత రానివారిని కూడా దృష్టిలో పెట్టుకున్నవి. నడుముకు, భుజాలకు కట్టుకోని జాకెట్ నీటిలో పడగానే మెడ మీదుగా పైకి జారిపోతుంది. సీటు కింద కుక్కిన జాకెట్ తిరగబడిన పడవతోనే ఉండిపోతుంది.

జాకెట్ లేనప్పుడు కూడా లెక్క ఇదే. మూత బిగించిన ఐదు లీటర్ల ఖాళీ క్యాన్ దాదాపు 5 కిలోల ఉత్ప్లవనాన్ని ఇస్తుంది. చెరువులో ఎవరైనా మునుగుతుంటే, ఈత రాకుండా దూకడం కంటే అలాంటి క్యాన్‌ను తాడు కట్టి విసరడం ఇద్దరి ప్రాణాలకూ మేలు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం దేశంలో ఇటీవలి సంవత్సరాల్లో ఏటా 30 వేల మందికి పైగా నీట మునిగి చనిపోతున్నారు. వారిలో విహార బోట్లలో పోయినవారు కొద్దిమందే. చెరువులు, కాలువలు, బావులు, నదులే ఎక్కువ ప్రాణాలు తీసుకుంటున్నాయి.

గోదావరికి పడవ పేరు, రేవులో ఇచ్చిన అనుమతి పత్రం, ఎక్కినవారి తొందర తెలియవు. ఎంత నీటిని తొలగించారో అంతే బలంతో అది పైకి నెడుతుంది. ఆ బలం ఎటు నుంచి, ఎంతవరకు కాపాడుతుందో రేవు దాటకముందే చూసుకోవాల్సింది పడవ నడిపేవారు, అనుమతిచ్చేవారు, ఎక్కేవారు.